నాగారంలో 200 గజాల తూర్పు ముఖం స్థలం: కింది అంతస్తు ప్లాను గురించి సలహాలు కావాలి

నాగారం_తూర్పు

అందరికీ నమస్కారం. హైదరాబాదు శివారు నాగారంలో మాకు 200 గజాల స్థలం ఉంది. రోడ్డు తూర్పున ఉంది. రోడ్డు వైపు వెడల్పు 30 అడుగులు, పడమటి హద్దు దాకా లోతు 60 అడుగులు. పదకొండేళ్లుగా అద్దె ఇళ్లలో ఉంటున్నాము, దసరా వెళ్లాక ముగ్గు పోయించాలని అనుకుంటున్నాము. ఇంట్లో ఆరుగురం ఉంటాము: నాన్నగారికి 74 ఏళ్లు, అమ్మకు 69, నేను, నా భార్య, తొమ్మిదో తరగతి చదివే అమ్మాయి, ఐదో తరగతి చదివే అబ్బాయి. అమ్మకు రెండు మోకాళ్లూ అరిగిపోయాయి. ఇప్పుడున్న ఇల్లు మొదటి అంతస్తులో ఉండటం వల్ల ఆమె ప్రతి మెట్టు మీదా రెండు పాదాలూ ఆనించి, ఒక్క క్షణం ఆగి, తరువాతి మెట్టు ఎక్కవలసి వస్తోంది.

ఇంజనీరు గారు చెప్పిన ప్రకారం ముందు 5 అడుగులు, మిగిలిన మూడు వైపులా 3 అడుగుల 3 అంగుళాల చొప్పున వదిలితే, కట్టుకోవడానికి 23 అడుగుల 6 అంగుళాల వెడల్పు, 51 అడుగుల 9 అంగుళాల పొడవు మిగులుతుంది. మొదటి ప్లానులో ముందు 16 అడుగుల భాగంలో దక్షిణం వైపు కారు, ఉత్తరం వైపు సిట్ అవుట్ (ముందు కూర్చునే వరండా) ఉన్నాయి. వెనుక హాలు, ఆగ్నేయంలో 7 అడుగులకు 8 అడుగుల వంటగది, మధ్యలో పిల్లల గది, నైరుతిలో మా గది, వాయవ్యంలో అమ్మానాన్నల గది వచ్చాయి. మా గదికి బాత్రూము జోడించారు, రెండోది హాలుకూ భోజనాల స్థలానికీ మధ్య అందరికీ కలిపి పెట్టారు. మెట్లు బయట దక్షిణం పక్కన ఉన్నాయి. పైన రెండు పడకగదుల పోర్షను వేసి అద్దెకిస్తే బ్యాంకు కిస్తీకి కొంత ఆసరా అవుతుందని మా ఆలోచన.

కింద మూడు పడకగదులు పెట్టడం సరైనదేనా, మెట్లు లోపల ఉండాలా బయట ఉండాలా, బేస్‌మెంటు (ఇంటి నేల కింది పునాది కట్టు) ఎంత ఎత్తు లేపాలి అన్న మూడు ప్రశ్నలకు అనుభవం ఉన్నవారు జవాబు చెప్పగలరని ఆశిస్తున్నాను.

కట్టుబడి_ఇంజనీరు

నేను ఇరవై రెండేళ్లుగా ఉప్పల్, ఘట్‌కేసర్ వైపు ఇళ్లు కట్టిస్తున్నాను. మీ ప్లాను చదవగానే ముందు నన్ను ఆపింది మధ్యలో ఉన్న పిల్లల గది. ఆ గదికి బయటి గోడ ఎక్కడ ఉంది? మీరు చెప్పిన వరుసను బట్టి చూస్తే దానికి తూర్పున హాలు, పడమర మీ గది, ఉత్తరాన నడవ వస్తాయి. మిగిలిన దక్షిణపు గోడ పక్కనే బయటి మెట్లు పోతాయి కాబట్టి అక్కడ కిటికీ పెట్టినా మెట్లు ఎక్కే ప్రతి మనిషీ గదిలోకి చూస్తాడు. ఆ కిటికీ ఏడాదంతా మూసే ఉంటుంది, పగలే లైటు వేసుకొని పిల్లలు చదువుకుంటారు. 200 గజాల్లో కింద మూడు పడకగదులు ఇరికించిన ఇళ్లలో సగానికి పైగా నేను చూసిన లోపం ఇదే.

కొలతల సంగతి. నివసించే గది కనీసం 9.5 చదరపు మీటర్లు, అంటే దాదాపు 102 చదరపు అడుగులు ఉండాలనీ, వెడల్పు 2.4 మీటర్లకు తగ్గకూడదనీ నేషనల్ బిల్డింగ్ కోడ్ చెబుతుంది. భోజనాలకు విడిగా స్థలం ఉన్నప్పుడు వంటగదికి కనీసం 5 చదరపు మీటర్లు. మీ 56 చదరపు అడుగుల వంటగది ఆ హద్దును కొద్దిగా దాటుతుంది కానీ, కోడ్ చెప్పేది అంతకు తగ్గకూడదన్న హద్దును మాత్రమే. ఆరుగురికి వండే వంటగది ఆ హద్దు మీద నిలబడకూడదు.

మెట్ల సంగతి విడిగా రాస్తాను. బయటి మెట్లు ఎన్ని, ఒక్కో మెట్టు ఎత్తు ఎంత పెట్టారో ముందు చెప్పండి.

నాగారం_తూర్పు

ధన్యవాదాలు అండి. అంతస్తు ఎత్తు 10 అడుగులు, మెట్లు 16, వెడల్పు 3 అడుగులు అని రాసి ఉంది.

కట్టుబడి_ఇంజనీరు

120 అంగుళాలను 16తో భాగిస్తే మెట్టు ఎత్తు 7.5 అంగుళాలు, అంటే 190.5 మిల్లీమీటర్లు అవుతుంది. ఇళ్లలో మెట్టు ఎత్తు 190 మిల్లీమీటర్లు దాటకూడదని, అడుగు పెట్టే వెడల్పు 250 మిల్లీమీటర్లకు తగ్గకూడదని కోడ్ నియమం. మీది హద్దును కాస్త దాటిపోయింది. ఆరోగ్యంగా ఉన్నవారికి కూడా నీళ్ల డబ్బా పట్టుకొని ఎక్కితే తెలిసిపోయే ఎత్తు అది.

మెట్టు ఎత్తు 6 అంగుళాలు, అడుగు పెట్టే వెడల్పు 10 అంగుళాలు పెట్టి లెక్క వేయండి. 20 ఎత్తులు వస్తాయి, రెండు వరుసలుగా విరిస్తే ఒక్కో వరుసకు 10 ఎత్తులు, అడుగు పెట్టే పలకలు 9. 9 పలకలకు 7 అడుగుల 6 అంగుళాలు, మలుపు దగ్గర 3 అడుగుల 6 అంగుళాలు, మొత్తం 11 అడుగుల పొడవు. రెండు వరుసలూ మూడున్నర అడుగుల చొప్పున, మధ్యలో 3 అంగుళాల సందుతో వెడల్పు 7 అడుగుల 3 అంగుళాలు. మొదటి మెట్టు ముందర నిలబడే చోటు దీనికి అదనం. ఈ పెట్టెను కాగితం మీద కత్తిరించి, ముందు దాన్ని ప్లానులో ఉంచి, తరువాత గదులు చుట్టూ పేర్చండి. మెట్లను చివర్లో మిగిలిన మూలలోకి తోసిన ఇంటిని తరువాత ఎవరూ సరిచేయలేరు. గోడ పడగొట్టవచ్చు, మెట్లు కదలవు.

మౌలాలి_యజమాని

నేను వేరే అభిప్రాయం చెబుతున్నాను, నొచ్చుకోవద్దు. మెట్లు లోపల పెడితే పై భాగాన్ని ఎప్పటికీ అద్దెకు ఇవ్వలేరు. నేను పదిహేనేళ్ల క్రితం లోపలి మెట్లతో కట్టుకున్నాను. పిల్లలిద్దరూ బెంగళూరు, పుణె వెళ్లిపోయాక పైన నాలుగు గదులు తాళం వేసి ఉన్నాయి. అద్దెకిద్దామంటే వచ్చినవారు మా హాలులోంచి నడవాలి. పోయిన ఏడాది బయట ఇనుప మెట్లు వేయించవలసి వచ్చింది, అవి మూడున్నర అడుగుల ఖాళీ స్థలాన్ని పూర్తిగా మింగేశాయి. మీకు అప్పు ఉంది, పిల్లలు ఎదుగుతున్నారు. ఇరవై ఏళ్ల తరువాత ఆ ఇల్లు మీకు భారం కాకూడదంటే సిట్ అవుట్ పక్కన చిన్న లాబీ పెట్టి, ఒక తలుపు హాలులోకి, ఇంకో తలుపు మెట్లకు ఇవ్వండి.

సైనిక్‌పురి_ఫిజియో

నేను వృద్ధులకు ఇంటికి వెళ్లి వ్యాయామాలు చేయిస్తాను. మోకాళ్ల శస్త్రచికిత్స తరువాత, తుంటి ఎముక విరిగిన తరువాత ఎన్నో ఇళ్లలో పెద్దవారిని మళ్లీ నడిపించాను. ప్లానులో అమ్మగారి గది ఎక్కడ ఉందని కాదు, ఆమె మంచం దగ్గర నుంచి బాత్రూముకు ఎలా వెళ్తారని నేను చూశాను. వాయవ్యపు గదిలోంచి లేచి, తలుపు దాటి, నడవ దాటి, భోజనాల బల్ల పక్కగా వచ్చి, హాలు మూల దగ్గరి ఉమ్మడి బాత్రూముకు చేరాలి. పగలు ఇది సాధ్యమే. రాత్రి రెండు గంటలకు, నిద్రమత్తులో, షుగరు మాత్రల వల్లనో బీపీ మాత్రల వల్లనో తల తిరుగుతుండగా, చీకట్లో ఆ దారి ప్రమాదం. నేను చూసిన తుంటి విరుగుళ్లలో ఎక్కువ భాగం బజారులో జరిగినవి కావు, రాత్రి బాత్రూముకు వెళ్లే దారిలో జరిగినవే.

బాత్రూము వారి గదికి ఆనుకొని ఉండాలి. వెడల్పు ఐదున్నర అడుగులకు తగ్గకూడదు. ఎందుకంటే చక్రాల కుర్చీ గుండ్రంగా తిరగడానికి 1.5 మీటర్లు, అంటే దాదాపు 5 అడుగులు కావాలి. ఈ రోజు చక్రాల కుర్చీ అవసరం లేదని మీరు అనవచ్చు, కానీ ఈ ఇల్లు ముప్పై ఏళ్లు ఉండటానికే కదా కడుతున్నారు. బాత్రూము తలుపుకు మేస్త్రీలు అలవాటుగా రెండున్నర అడుగుల దర్వాజ పెడతారు. చట్రం, తలుపు మందం పోగా మనిషి దూరే సందు దాదాపు 2 అడుగులే మిగులుతుంది. వాకరును పక్కకు తిప్పి, ఒంటి చేత్తో పట్టుకొని లోపలికి వెళ్లవలసి వస్తుంది. ఆ ఒంటి చేయి క్షణమే చాలామందిని పడేసింది. దర్వాజ మూడున్నర అడుగులు పెట్టి, లోపలి సందు 3 అడుగులకు తగ్గకుండా చూడండి.

తలుపు బయటికి తెరుచుకోవాలి, లేదా పక్కకు జరగాలి. మా నాన్నగారు లోపల పడిపోయినప్పుడు తలుపు లోపలికి తెరుచుకునేది. ఆయన శరీరమే తలుపుకు అడ్డం పడింది. కొళాయిల పక్క కిటికీ అద్దాలు తీసి పక్కింటి అబ్బాయిని లోపలికి దింపేసరికి నలభై నిమిషాలు గడిచాయి. ఆ తలుపు ఒక వైపు నుంచి ఇంకో వైపుకు తిప్పడానికి మాకు పట్టిన ఖర్చు చాలా తక్కువ, కానీ అది ముందు తోచలేదు.

పట్టుకునే కడ్డీల కోసం కమోడు పక్క గోడలో, స్నానం చేసే చోట గోడలో ఇప్పుడే కాంక్రీటు ముక్కలు పోయించండి. తేలిక ఇటుకల గోడలో తరువాత మేకు దింపితే మనిషి బరువు ఆగదు.

మల్కాజిగిరి_కోడలు

ఇంతవరకు వంటగది గురించి వండేవారెవరూ మాట్లాడలేదు కాబట్టి నేను రాస్తున్నాను. 7 అడుగులకు 8 అడుగుల వంటగదిలో నేను తొమ్మిదేళ్లు వండాను. రెండు వైపులా రెండేసి అడుగుల గట్టు పోతే మధ్యలో 3 అడుగులు మిగిలేవి. అత్తయ్య గారు కూర తరుగుతుంటే నేను ఫ్రిజ్ తలుపు తెరవలేకపోయేదాన్ని, పండుగ నాడు గారెలు వేసేటప్పుడు పిల్లలు నీళ్ల కోసం వస్తే మూకుడు దగ్గర నుంచి పక్కకు జరగడానికి చోటు ఉండేది కాదు. ఎదురెదురు గట్ల మధ్య 4 అడుగులు ఉంటే ఇద్దరు ఒకరి వెనుక ఒకరు దాటుకోగలరు.

వంటగదికి ఆనుకొని వాష్ ఏరియా ప్లానులో ఎక్కడా కనబడలేదు. గిన్నెలు ఎక్కడ తోముతారు, బట్టల యంత్రం ఎక్కడ పెడతారు, గ్యాస్ సిలిండరు ఎక్కడ ఉంటుంది? సిలిండరును వాష్ ఏరియాలో ఉంచి గోడలోంచి రాగి గొట్టం లోపలికి తెప్పించుకుంటే వంటగది గట్టు కింద ఒక అర పూర్తిగా ఖాళీ అవుతుంది. పనమ్మాయి హాలు దాటి రాకుండా నేరుగా బయటి నుంచి రావడానికి అక్కడ తలుపు పెట్టండి. ఆవకాయ జాడీలు, 25 కిలోల బియ్యం సంచి, పండుగ సామాను పెట్టుకోవడానికి చేతికి అందే ఎత్తులో అరలు వేయండి. అటక మీద పెట్టినవి ఏడాదికి ఒకసారి కూడా దిగవు.

గట్టు ఎత్తు మీ ఇంట్లో వండేవారు నిలబడి, మోచేయి మడిచి కొలిచి పెట్టుకోండి. మేస్త్రీ పెట్టిన 34 అంగుళాల గట్టు మీద చపాతీ ఒత్తితే నాకు భుజాలు లాగేవి, కొత్త ఇంట్లో 32 పెట్టించుకున్నాను.

ఇంకొక మాట: ఇంటికి వచ్చినవారు ఏ బాత్రూముకు వెళ్తారు? అమ్మగారి గదిలోంచి పంపలేరు కదా.

వాస్తు_జిజ్ఞాసి

తూర్పు ముఖం ఇంటికి ఆగ్నేయం రోడ్డు వైపే పడుతుంది, కారు కూడా అక్కడే కావాలంటుంది, అందుకే ఈ స్థలాల్లో వంటగది ఎప్పుడూ చిన్నదవుతుంది. కారు వెనుక, మిగిలిన ఇంటి భాగానికి ఆగ్నేయంలో వంటగది పెట్టడం ఆచరణలో అందరూ ఒప్పుకునేదే. నైరుతి గది ఇంటి పెద్దలదని శాస్త్రం చెబుతుంది. మీ ఇంట్లో పెద్దలు మీ నాన్నగారు, అమ్మగారు కాబట్టి నైరుతిని వారికి ఇవ్వడం అన్ని విధాలా సముచితం. మెట్లు దక్షిణ భాగంలో ఉండవచ్చు, ఎక్కేటప్పుడు ప్రదక్షిణంగా తిరగాలి. ఎత్తుల సంఖ్య బేసిగా ఉండాలని చాలామంది కోరుకుంటారు. ఇంజనీరు గారి లెక్కలో 20కి బదులు 21 పెడితే మెట్టు ఎత్తు 5.7 అంగుళాలకు దిగుతుంది, అది మోకాళ్లకు ఇంకా మేలే.

ఈశాన్యంలో సంపు పెట్టండి, బాత్రూము మాత్రం అటు తేవద్దు. సింహద్వారానికి గడప వదులుకోవద్దని పెద్దలు అంటారు, కానీ వాకరుకు గడప అడ్డమవుతుంది. మా ఇంట్లో గడప చెక్కను నేలలోకి దింపి, అర అంగుళం మాత్రమే పైకి కనబడేలా, అంచులు వాలుగా చెక్కించాము. పసుపు రాసి బొట్లు పెట్టడానికి ఆ అర అంగుళం సరిపోతోంది.

కట్టుబడి_ఇంజనీరు

బేస్‌మెంటు ఎత్తు గురించి మూడో ప్రశ్నకు ఎవరూ జవాబివ్వలేదు. ఇక్కడ రెండు అవసరాలు ఎదురెదురుగా నిలబడతాయి. వాననీరు, రోడ్డు రెండూ ఇంటిని పైకి లేపమంటాయి. 2020 అక్టోబరు 13 రాత్రి వానకు నగరంలో ఎన్ని ఇళ్ల కింది అంతస్తుల్లోకి నీళ్లు వచ్చాయో మనమందరం చూశాము. దానికి తోడు సీసీ రోడ్డు మీద మళ్లీ రోడ్డు వేసిన ప్రతిసారీ గల్లీ నాలుగైదు అంగుళాలు లేస్తుంది. కాబట్టి 3 అడుగులు లేపమని మేస్త్రీలు చెబుతారు. కానీ అమ్మగారి మోకాళ్లు కిందికి దించమంటాయి. వాలుదారికి ఒక అడుగు ఎత్తుకు 12 అడుగుల పొడవు కావాలన్న నియమం ప్రకారం 3 అడుగుల ఎత్తుకు 36 అడుగుల వాలుదారి అవుతుంది. మీ స్థలంలో అది పట్టదు. రెండు మూడు చోట్ల 6 అడుగుల్లో 3 అడుగులు ఎక్కే వాలు వేసి వాలుదారి అని పేరు పెట్టారు, దాని మీద చక్రాల కుర్చీని పైకి తోయడానికి ఇద్దరు మగవాళ్లు కావాలి.

అందుకే ఊహించి ఎత్తు పెట్టవద్దు. చుట్టుపక్కల నేల మట్టానికి 45 సెంటీమీటర్లకు తగ్గకూడదన్నది కనీస హద్దు. ఆపైన ఎంత కావాలో మీ గల్లీలో 2020కి ముందు నుంచీ ఉంటున్నవారిని అడిగి, 2020లో నీళ్లు ఎంతవరకు వచ్చాయో గోడ మీద చేత్తో చూపించమనండి. టేపు పెట్టి కొలవండి.

బోడుప్పల్_నీడ

ఎండ గురించి కొంచెం చెబుతాను. హైదరాబాదు 17.4 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది కాబట్టి మే రెండో వారంలో మధ్యాహ్నం సూర్యుడు నడినెత్తికి వస్తాడు. అంటే వేసవిలో అన్నింటికన్నా ఎక్కువగా కాలేది స్లాబు, తరువాత పడమటి గోడ. దక్షిణపు కిటికీకి 2 అడుగుల సజ్జ వేస్తే మధ్యాహ్నపు ఎండ ఆగుతుంది. పడమటి కిటికీకి ఎంత సజ్జ వేసినా సాయంత్రం ఎండ పక్కగా, కిందగా వచ్చి దూరుతుంది. మీ పడమటి వైపు వెనుక ఇల్లు ఉంటే కింది అంతస్తుకు దాని నీడ దొరుకుతుంది, పై అంతస్తుకు దొరకదు. కాబట్టి పై అంతస్తులో పడమటి గోడ వెంట బాత్రూము, బట్టల బీరువాలు పెట్టి మంచాన్ని లోపలి గోడకు చేర్చండి. పైకప్పుకు తెల్లని పూత వేయండి. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానం ప్రకటించింది, మనలాంటి చిన్న స్థలాలకు అది తప్పనిసరి కాదు కానీ, మా ఇంట్లో పూత వేసిన గదికీ వేయని గదికీ మే నెల రాత్రుల్లో తేడా అరచేయి గోడకు ఆనిస్తే చాలు, తెలిసిపోతుంది.

నాగారం_తూర్పు

మీ అందరికీ ఎలా కృతజ్ఞతలు చెప్పాలో తెలియడం లేదు. ఈ ఆదివారం మేము ఆరుగురం స్థలం దగ్గరికి వెళ్లాము. ఏం చేశామో వివరంగా రాస్తాను, ఎందుకంటే మాకు కాగితం మీద పది రోజులు అర్థం కానిది అక్కడ రెండు గంటల్లో అర్థమైంది.

కంప చెట్లు ముందురోజే కొట్టించాము. రెండు బస్తాల ముగ్గు పిండి, ఒక సుతిలి తాడు, టేపు తీసుకెళ్లాము. మొదటి ప్లానును అసలు కొలతల్లో నేల మీద గీశాము. తలుపులున్న చోట గీత వదిలాము. మంచాలకు బదులు పాత చాపలు పరిచాము, కమోడు చోట ప్లాస్టిక్ కుర్చీ వేశాము, వంటగది గట్టుకు ఇటుకలు పేర్చాము. అమ్మను వాయవ్యపు గది చాప దగ్గర కుర్చీలో కూర్చోబెట్టి, లేచి బాత్రూముకు వెళ్లమన్నాను. ఆమె చేతికర్ర తీసుకొని గీతలు తొక్కకుండా జాగ్రత్తగా, నిజంగా గోడలు ఉన్నట్టే మలుపులు తిరుగుతూ నడిచింది. మా అబ్బాయి పక్కన లెక్కపెట్టాడు. 27 అడుగులు వేసింది, మూడు మలుపులు తిరిగింది. దారిలో ఒకచోట భోజనాల బల్ల కోసం గీసిన గీతను పట్టుకోబోయినట్టు చేయి చాచి, అక్కడ ఏమీ లేదని గుర్తొచ్చి ఆగింది. ఆ చేయి చూశాక కింద మూడు పడకగదుల సంగతి మా ఇంట్లో ఇక ఎవరూ ఎత్తలేదు.

తరువాత మీ సలహాలతో రెండో ప్లాను గీశాము. కింద ఒకటే పడకగది, నైరుతిలో, 12 అడుగులకు 11, అమ్మానాన్నలది. దానికి ఉత్తరాన ఆనుకొని 8 అడుగులకు ఐదున్నర అడుగుల బాత్రూము. వాయవ్య మూలలో మిగిలిన భాగంలో 5 అడుగులకు 5 అడుగుల గది, ప్రస్తుతం సామాన్ల కోసం, రేపు అవసరమైతే లిఫ్టు కోసం. దాని పక్కన 3 అడుగులకు 5 అడుగుల చిన్న మరుగుదొడ్డి, వచ్చినవారి కోసం. మెట్లు ఇంటి లోపలే, దక్షిణం మధ్యలో, 21 ఎత్తులతో. వంటగది 9 అడుగుల 6 అంగుళాలకు 10 అడుగులు, దాని వెనుక మెట్లకు ముందు 4 అడుగుల 9 అంగుళాల వాష్ ఏరియా, దక్షిణానికి తలుపుతో. ఉత్తరం వైపు హాలు, భోజనాల స్థలం ఒకదాని వెంట ఒకటి. మూడు పడకగదులు పైన. అమ్మ మళ్లీ నడిచింది. 11 అడుగులు వేసింది, ఒక్క మలుపు తిరిగింది. నా భార్య ఇటుకల గట్ల మధ్య రెండు చేతులూ చాచి గుండ్రంగా తిరిగి, ఇది చాలు అంది.

ఎదురింటి పెద్దాయనను అడిగితే 2020 వానలో నీళ్లు తమ ప్రహరీ గోడ మీద వచ్చిన చోటు చూపించారు. రోడ్డు మట్టానికి 9 అంగుళాలు పైన.

మౌలాలి యజమాని గారూ, మీ మాట మమ్మల్ని రెండు రాత్రులు ఆలోచింపజేసింది. లాబీ పెట్టి గీసి చూశాము. మెట్లు ముందుకు వస్తే వంటగదో కారో చిన్నదవుతోంది, పైగా పిల్లల గదులకూ అమ్మ గదికీ మధ్య తాళం వేసే తలుపు ఒకటి వస్తోంది. రాత్రి అమ్మ పిలిస్తే వినబడాలని మా కోరిక. అద్దె వదులుకుంటున్నాము. దానికి బదులు పైన ముందు 16 అడుగుల భాగం ఇప్పుడు కట్టకుండా డాబాగా ఉంచుతాము, దాదాపు 376 చదరపు అడుగుల కట్టుబడి తగ్గి అప్పు కూడా తగ్గుతుంది.

మౌలాలి_యజమాని

మీరు ఆలోచించి నిర్ణయించుకున్నారు, సంతోషం. నా అభిప్రాయం మాత్రం మారలేదు. కనీసం ఒక పని చేయండి: ఆ డాబా ఉత్తరపు అంచున ఒక దూలాన్ని రేపు బయటి మెట్లు ఆనించడానికి వీలుగా లెక్కలోకి తీసుకోమని ఇంజనీరుకు చెప్పండి. ఇప్పుడు అది కాగితం మీద ఒక గీత. నాకు ఆ గీత లేక గోడ పగలగొట్టవలసి వచ్చింది.

కట్టుబడి_ఇంజనీరు

దూలం సలహా విలువైనది, తప్పక పెట్టించండి. అయితే మెట్లు మాత్రం డాబా హద్దులోపలే దిగాలి, వదిలిన ఖాళీలోకి రాకూడదు. 500 చదరపు మీటర్ల లోపు స్థలంలో 10 మీటర్ల ఎత్తు లోపు ఇంటికి 2020 నాటి టీఎస్ బీపాస్ (తెలంగాణ భవన అనుమతుల) చట్టం ప్రకారం స్వీయ ధ్రువీకరణతోనే అనుమతి వస్తుంది. త్వరగా వస్తుంది నిజమే, కానీ సంతకం మీది కాబట్టి హద్దు దాటితే బాధ్యతా మీదే.

9 అంగుళాల గుర్తు ఇప్పుడు మన లెక్క తేల్చేసింది. పార్కింగు నేలను రోడ్డుకు 9 అంగుళాల ఎత్తున పెట్టండి. ముందు వదిలిన 5 అడుగుల్లో కారు ఆ ఎత్తు ఎక్కగలదు, రోడ్డు మీదికి వాలు పోయనక్కర్లేదు. ఇంటి నేలను రోడ్డుకు 1 అడుగు 9 అంగుళాలు పెట్టండి, 2020 గుర్తుకు ఒక అడుగు పైన ఉంటుంది. పార్కింగుకూ ఇంటికీ తేడా 12 అంగుళాలు, అంటే 12 అడుగుల వాలుదారి. మీ ముందు భాగం 16 అడుగులు కాబట్టి, కారుకూ సిట్ అవుట్‌కూ మధ్య 3 అడుగుల వెడల్పున వాలుదారి వేసి, పైన గుమ్మం ముందు 4 అడుగుల చదును చోటు వదలవచ్చు. నడవగలిగినవారికి పక్కనే 6 అంగుళాల మెట్లు రెండు, రెండు వైపులా కడ్డీలతో.

ఒక చిక్కు మాత్రం ఉంది. బాత్రూములు వాయవ్యం వైపు పోయాయి, మురుగు కలవవలసిన రోడ్డు తూర్పున ఉంది. పైపు ఉత్తరం పక్కగా తెస్తే ఈశాన్యపు సంపును ఆనుకొని పోతుంది. ఏ జాయింటు కారినా తాగే నీటిలోకి దిగుతుంది. అందుకని పైపును పడమటి వైపు నుంచి దక్షిణానికి తిప్పి, వాష్ ఏరియా నీటిని కలుపుకొని ఆగ్నేయం మీదుగా రోడ్డుకు తీసుకెళ్లండి. పొడవు దాదాపు 80 అడుగులు. 4 అంగుళాల పైపుకు 60 అడుగులకు ఒక అడుగు వాలు చొప్పున 1 అడుగు 4 అంగుళాలు దిగాలి. రోడ్డు మీది మ్యాన్‌హోల్ లోతు కొలిచారా?

సంపు 8 అడుగులకు 5 అడుగులు, లోతు 5 అడుగులు పెడితే 200 ఘనపుటడుగులు, దాదాపు 5,660 లీటర్లు పడుతుంది. 5,000 లీటర్ల ట్యాంకరు వస్తే మొత్తం దిగుతుంది. మనిషికి రోజుకు 135 లీటర్ల లెక్కన ఆరుగురికి 810 లీటర్లు, రోజు మార్చి రోజు నల్లా వచ్చినా ఇబ్బంది ఉండదు.

నాగారం_తూర్పు

మ్యాన్‌హోల్ మూత ఈ ఉదయం తీయించి కొలిచాము. రోడ్డు మట్టం నుంచి నీరు పారే అడుగు దాకా 3 అడుగుల లోతు ఉంది, కాబట్టి వాలు సరిపోతుందనుకుంటున్నాను. అన్ని కొలతలూ ఒక కాగితం మీద రాసి ఇంజనీరు గారికి ఇచ్చాను.

అమ్మ ఒకే ఒక కోరిక కోరింది. తన గదిలో దక్షిణపు కిటికీ 2 అడుగుల ఎత్తు నుంచే మొదలవ్వాలట, మంచం మీద కూర్చుంటే బయట కనబడాలట. ఆ కిటికీ ఎదురుగా, 3 అడుగుల ఖాళీలో కరివేపాకు చెట్టు ఒకటి వేసుకోవచ్చా?

కట్టుబడి_ఇంజనీరు

3 అడుగుల లోతు సరిపోతుంది. కిటికీ తప్పకుండా దించండి, లోపలి వైపు కడ్డీలు పెట్టించండి. కరివేపాకు మాత్రం ఆ ఖాళీలో నేల మీద నాటవద్దు, దాని కిందే మురుగు పైపు పోతోంది, వేర్లు జాయింట్లలోకి దూరతాయి. అదే చోట పెద్ద సిమెంటు తొట్టి కట్టించి, పైపు గీత నుంచి ప్రహరీ వైపుకు జరిపి పెట్టండి. రెండేళ్లలో కిటికీ ఎత్తుకు వస్తుంది.

నాగారం_తూర్పు

తొట్టి చోటు కూడా ప్లానులో గీయించాను. అమ్మకు చూపించాను.